లారీ సైలెన్సర్ వేడితో కరెంటు: నానోతీగలు పనికొస్తాయా?

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:
ఇరవై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పుతున్నాను. పోసిన డీజిల్‌లో ఇంచుమించు మూడో వంతు శక్తి పొగతో పాటే బయటికి పోతుంది. ఆ వేడిని కరెంటుగా మార్చే సిలికాన్ నానోతీగలు, అంటే వెంట్రుక కంటే వందల రెట్లు సన్నటి తీగలు, 2008లోనే వచ్చాయని మా అబ్బాయి అంటున్నాడు. మరి మన లారీలకు ఇంకా ఎందుకు రాలేదు?

ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు:
మీవాడు చెప్పింది నిజమే అన్నా. ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉంటే కరెంటు పుడుతుందన్నది 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త బయటపెట్టిన సంగతి. చిక్కల్లా, పదార్థంలో కరెంటు పారాలి, వేడి పారకూడదు. మామూలు సిలికాన్‌లో వేడి జోరుగా పారుతుంది, దాని ఉష్ణవాహకత (వేడిని పారనిచ్చే గుణం) మీటరుకు, కెల్విన్‌కు 150 వాట్ల దాకా ఉంటుంది. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు 50 నానోమీటర్ల మందం గరుకు తీగలు చేస్తే అది 1.6కి పడిపోయింది! వేడిని మోసే ఫోనాన్లు ఆ గరుకు అంచులకు తగిలి చెదిరిపోతాయి. ఎలక్ట్రాన్లకు అంత దెబ్బ తగలదు. పదార్థం సత్తా చెప్పే జెడ్‌టీ 0.01 నుంచి 0.6కి ఎక్కింది. పైగా సిలికాన్‌కు కొరత లేదు. నన్నడిగితే రేపటి దారి ఇదే.

పరిశోధక విద్యార్థిని, విజయవాడ:
నేను ఒప్పుకోను సార్. ఆ 0.6 ఒంటి తీగ మీద కొలిచింది. లారీకి కోట్ల తీగలు నిలబెట్టి రెండు కొసలా లోహం అతికించాలి. ప్రతి అతుకూ అడ్డంకే.

అసలు గొడవ చల్లవైపుది. మొన్న మే నెలలో అట్లపెనం వేడి చేసి, దానిమీద బజార్లో దొరికే, వేడి తేడాతో కరెంటు పుట్టించే బిస్మత్ టెల్యురైడ్ పలక పెట్టి, పైన చన్నీళ్ల గిన్నె ఉంచాను. ఎర్ర ఎల్ఈడీ వెలిగింది. నీళ్లు కాగేకొద్దీ మసకబారి ఆరిపోయింది. గిన్నెలో ఐసుముక్కలు వేశాక మళ్లీ వెలిగింది.

ఫిజిక్స్ లెక్చరర్:
ఆ కష్టం ఏ పదార్థానికైనా ఉంటుందమ్మా, నానోతీగ తప్పు కాదు. వేడిని తక్కువ పారనిచ్చేది చల్లవైపును కాపాడుతుంది కదా?

పరిశోధక విద్యార్థిని:
పొడవుంటే కాపాడుతుంది సార్. లెక్కేసి చూడండి. పది మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) పొడవున్న తీగల వరస ఆపే వేడి, మిల్లీమీటరున్నర బిస్మత్ టెల్యురైడ్ ఆపేదాంట్లో నూరో వంతు కూడా ఉండదు. తీగ ఎంత గొప్పదైనా, ఉష్ణోగ్రత తేడా దాని మీద నిలవకపోతే కరెంటెక్కడిది?

ఫిజిక్స్ లెక్చరర్:
ఈ లెక్క ముందు నేను వెయ్యలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే పొడవాటి తీగలు పెంచడం మీదే పని జరగాలి. వదిలెయ్యమంటే మాత్రం ఒప్పుకోను.

ఆటోనగర్ మెకానిక్:
అమ్మా, చల్లవైపుకు రేడియేటర్ నీళ్లే తిప్పితే? అవి తొంభై డిగ్రీలు, లోడు మీద మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే తొలి గొట్టం) దగ్గర పొగ నాలుగొందలు.

పరిశోధక విద్యార్థిని:
తేడా బాగానే ఉంది బాబాయ్. కానీ నా పలక నాలుగొందలకు తట్టుకోదు, మానిఫోల్డ్‌కు దూరంగా, పైపు చివర బిగించాలి.

ఆటోనగర్ మెకానిక్:
షెడ్డులో పాత ఇంజనొకటి నడుస్తోంది. ఆదివారం పలక పట్టుకుని రా.