అప్‌డేట్: ఫిన్స్ కొన్నాను, అండమాన్‌లో వాడాను

స్కూబా డైవింగ్‌లో కాళ్లకి తొడుక్కునే ఫిన్స్‌లో, మడమతో సహా పాదమంతా కప్పే ఫుల్ ఫుట్‌వి కొనాలా, మడమ దగ్గర తెరిచి పట్టీతో బిగించే ఓపెన్ హీల్‌వి కొనాలా అని ఇక్కడ అడిగాను కదా, మీలో ఎక్కువమంది చెప్పినట్టే బూటీలతో (డైవింగ్‌లో వేసుకునే మెత్తటి బూట్లు) వాడే ఓపెన్ హీల్ తీసుకున్నాను. మొదటి జత దండగైంది. చెప్పుల సైజు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించాను, బూటీ వేసుకుంటే పాదం సగమే దూరింది! వాపసు పంపి, రెండోసారి బూటీలు సంచిలో పెట్టుకుని షాపుకే వెళ్లాను.

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో నాలుగు డైవ్‌లు చేశాను. ఒకదానికి స్నేహితుడి బరువైన రబ్బరు ఫిన్స్ అడిగి వేసుకున్నాను. పావుగంటకే కుడి పిక్క పట్టేసింది. పైగా అవి నీళ్లలో మునిగే రకం. డ్రైసూట్‌లో (ఒంటికి నీళ్లు తగలనివ్వని, లోపల గాలి ఉండే సూట్) కాళ్లు తేలిపోయేవాళ్లకి ఆ బరువు పనికొస్తుందట. పల్చటి 3 మి.మీ. సూట్‌లో నా కాళ్లు ముందే కిందికి వాలిపోతాయి, ఇంక చెప్పాలా? నా ఫిన్స్ తేలికైన ప్లాస్టిక్ బ్లేడువి (బ్లేడంటే నీళ్లను తోసే రెక్క), మరీ మెత్తన కాదు. కప్పలా కాళ్లు ఆడిస్తే ముందుకు జారుతున్నాను, కింద ఇసుక లేవడం లేదు.

అన్నిటికన్నా నచ్చింది మడమ వెనక ఉండే స్ప్రింగ్ పట్టీ. పడవ ఊగుతుంటే పక్కాయన బకిల్‌తో కుస్తీ పడుతున్నాడు. నేను బొటనవేలితో పట్టీ వెనక్కి లాగి మడమ మీద వదిలేశాను, అంతే.

స్ప్లిట్ ఫిన్స్ (బ్లేడు మధ్యలో చీలి ఉండేవి) సూచించినవారికి థాంక్స్, అవి దొరకలేదు.