కింబోల్టన్ కోట స్కూల్లో చరిత్ర వేషాలు: ఏ ఘట్టం బాగుంటుంది?

కేంబ్రిడ్జి_అమ్మ: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో కింబోల్టన్ స్కూల్లో చదువుతోంది. 1600లో పెట్టిన ప్రైవేటు స్కూలు, 1950లో కింబోల్టన్ కోటను కూడా కొనేసుకున్నారు. పిల్లలంతా కలిసి పాతకాలం వేషాలు కట్టి చరిత్రను ఆడి చూపించే సొసైటీ పెడతారట. దేనితో మొదలుపెట్టమంటారు? ట్యూడర్ వంశపు రాజుల కాలంలో (1485–1603) మనలాంటి రంగువాళ్లు అక్కడ ఉండేవాళ్లా అని కూడా అడుగుతోంది.

చరిత్ర_పిచ్చి: ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మొదటి భార్య కాథరిన్ ఆఫ్ అరగాన్ చనిపోయింది ఆ కోటలోనే కదండీ, 1536 జనవరి 7న! హెన్రీ ఆ పెళ్లి చెల్లదనిపించి, ఆమెను రాణి అనడానికి వీల్లేదని హుకుం వేస్తే ఆవిడ చివరిదాకా ఒప్పుకోలేదు, ప్రాణస్నేహితురాలు మరియా డి సాలినాస్ అయితే అనుమతి లేకుండానే వచ్చి చేరింది. ఇద్దరు పిల్లలున్నా చాలు, ఆ సీను పండుతుంది. కాకపోతే ఇప్పుడు కనిపించే కోట ముఖభాగం 1707 తర్వాత వాన్‌బ్రూ అనే వాస్తుశిల్పి డిజైన్ చేసింది, దాన్ని ట్యూడర్ కోట అని పోస్టర్ మీద వేయొద్దు.

గోదారి_పిల్ల: ఉండేవాళ్లు. జాన్ బ్లాంక్ అనే నల్లజాతి బాకా కళాకారుడు హెన్రీ కొలువులో జీతం తీసుకున్నాడు. 1511లో కాథరిన్‌కి కొడుకు పుట్టిన సంబరాల చిత్రపటంలో తలపాగాతో, గుర్రం మీద ఉంటాడు. ఆ బొమ్మ మీ అమ్మాయికి తప్పకుండా చూపించండి.

చరిత్ర_పిచ్చి: రాజుకీ పార్లమెంటుకీ జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం వేస్తామంటే, అప్పటి కోట యజమాని, రెండో మాంచెస్టర్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు బిరుదు), 1644 మార్‌స్టన్ మూర్ యుద్ధంలో పార్లమెంటు సేనాని. కానీ తుపాకీమందు జోలికి మాత్రం పోనివ్వకండి, దానికి లైసెన్సు కావాలి.