కొత్త అపార్ట్‌మెంట్, పాత మగ్గాలు: యలహంకలో ఎవరు సర్దుకోవాలి?

మూడో అంతస్తు:
మాది విజయవాడ. బెంగళూరులో యలహంక పాత ఊళ్లో ఫ్లాట్ కొనుక్కుని ఈమధ్యే దిగాం. బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా, సందు అవతల రేకుల షెడ్డు. అందులో మరమగ్గాలు. పొద్దున ఆరింటికి మొదలైతే ఒక్కోసారి రాత్రి పదకొండైనా ఆగవు. ఫ్లాట్ చూపించడానికి మమ్మల్ని ఆదివారం మధ్యాహ్నం తీసుకొచ్చారు, అప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. నాది వర్క్ ఫ్రమ్ హోమ్, పాపకి ఇంకా ఏడాది నిండలేదు. వెళ్లి మర్యాదగానే అడిగితే "మీకంటే ముందు నుంచీ ఉన్నామమ్మా" అన్నారు. ముందు వస్తే ఎంత చప్పుడైనా చేయొచ్చా? షెడ్డు మూయించాలని అసోసియేషన్ వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. నేనూ పెట్టనా?

హిందూపురం బస్సు:
పెట్టొద్దండీ. పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, 1996 నుంచి ఏరో ఇండియా విమాన ప్రదర్శన అక్కడే. ఫైటర్ జెట్లు నెత్తిన ఉరుముతుంటే అపార్ట్‌మెంట్ల వాళ్లంతా మేడలెక్కి వీడియోలు తీసుకుంటారు. మగ్గం చప్పుడుకి మాత్రం తలనొప్పి వస్తుంది.

మూడో అంతస్తు:
అన్నా, అది రెండేళ్లకోసారి వచ్చే ముచ్చట. ఇది రోజూ. మీ పిల్లని ఒక్క మధ్యాహ్నం ఇక్కడ పడుకోబెట్టి చూడండి.

ప్లీడరు గుమాస్తా:
"ముందు నుంచీ ఉన్నాం" అనే మాట కోర్టులో పెద్దగా నిలబడదు. 1879లోనే లండన్‌లో ఇది తేలిపోయింది. ఒక మిఠాయిలాయన ఇరవై ఏళ్లకు పైగా తన వంటగదిలో పెద్ద రోళ్లు పెట్టి దంచుకుంటున్నాడు. పక్కింటి డాక్టరు ఆ గోడ పక్కనే కొత్తగా కన్సల్టింగ్ రూమ్ కట్టుకుని, ఈ దంపుడు వల్ల రోగుల గుండె చప్పుడు వినలేకపోతున్నానని కేసు వేశాడు. డాక్టరే గెలిచాడు. మన దగ్గర 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. అంతకు మించి పది డెసిబెల్స్ దాటితే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఎవరు ముందు, ఎవరు వెనక అనే గడి ఆ పట్టికలో లేదు.

పడుగుపేక:
గుమాస్తా గారూ, ఆ తీర్పు సగమే చెప్పారు. డబ్బున్నవాళ్లుండే బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో న్యూసెన్స్ అనిపించుకునేది, తోళ్లు పదును చేసే బెర్మండ్సీలో కానక్కర్లేదని కూడా అందులోనే ఉంది. మన పట్టికలోనూ వాణిజ్య ప్రాంతానికి పగలు 65, పరిశ్రమల ప్రాంతానికి 75. ఇళ్లూ మగ్గాలూ కలిసిపోయిన పేటని ఎందులో వేయాలో ప్రభుత్వం చెప్పాలి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కాదు.

నేను మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్. అక్కా, మీరు వినేది ఒక చప్పుడు కాదు, రెండు. పికింగ్ స్టిక్ అనే కర్ర కొట్టగానే, పేక నూలు మోసే నాడె ఒక పెట్టెలోంచి అవతలి పెట్టెలోకి పోయి ఠక్కుమని ఆగుతుంది. నిమిషానికి వందకు పైగా సార్లు, ఒక్క మగ్గానికే. ఇది గాలిలో, కిటికీలోంచి వచ్చేది. రెండోది అదురు. నేలలోంచి గోడలకి పాకుతుంది. మగ్గం కాళ్ల కింద మందపాటి రబ్బరు వేస్తే అదురు చాలావరకు తగ్గుతుంది. మొదటిదానికి సందు వైపు కంతలు మూసి, గాలి వెలుతురు అవతలి పక్క నుంచి ఇచ్చుకోవాలి. నాడె లేని రేపియర్ మగ్గాలైతే మోత తక్కువే, కానీ వాటి ధర వింటే షెడ్డువాళ్లకి నిద్ర పట్టదు.

రాత్రి పదకొండు దాకా ఎందుకు ఆడిస్తారంటే, కూలి నేసినదాన్ని బట్టే. పగలు కరెంటు పోతే ఆ పూట కూలి రాత్రి రాబట్టుకోవాలి. అయినా పది తర్వాత ఆపమనడం న్యాయమే, దాని గురించి నేను వాదించను. మా నాన్నకి ఒక చెవి సరిగా వినపడదు. లోపల నిలబడేవాళ్ల చెవుల గురించి ఏ అసోసియేషనూ సంతకాలు సేకరించదు కానీ, ఆ మాట పక్కన పెడదాం.

మూయించడం మాత్రం వేరే సంగతి. ఇలాంటి షెడ్లు చాలావరకు అద్దెవి. ఓనరు బిల్డర్‌కి అమ్ముకుందామని ఎప్పట్నుంచో చూస్తుంటాడు. మీ కంప్లయింట్ ఆయన పని సులువు చేస్తుంది. ఆ తర్వాత అక్కడ లేచేది ఇంకో ఐదంతస్తులు, పైలింగ్ మిషన్‌తో సహా.

(ధర్మవరంలో మా మేనమామది చేతిమగ్గం. మరమగ్గాలు మూతపడుతున్నాయంటే కొబ్బరికాయ కొడతాడు. అది ఇంట్లో గొడవ.)

నైట్ డ్యూటీ:
నేను నర్సుని. పగలు పడుకోవాలి. మీ రూల్సులో నా నిద్రకి ఎన్ని డెసిబెల్సో ఎవరైనా చెప్పండి.

సందు చివర:
మగ్గాలు కనీసం కూడు పెడతాయి. గుడి మైకుల సంగతేంటి?

ప్లీడరు గుమాస్తా:
దానికి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది దాటితే బహిరంగంగా కుదరదు. పండగలకి ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి దాకా రాష్ట్రం సడలించవచ్చు. మద్రాసులో ఒక చర్చి డ్రమ్ముల మీదా మైకుల మీదా కాలనీ వాళ్లు పోరాడితే, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు అంది. పడుగుపేక గారూ, మీరు చెప్పిన రబ్బరుకీ గోడకీ డబ్బు ఎవరు పెట్టాలి? చప్పుడు చేసేవాళ్లే కదా?

పడుగుపేక:
బిల్డర్ పెట్టాలి. పాత చప్పుడు పక్కన కొత్త ఇళ్లు కడితే, ఆ చప్పుడుకి తగ్గ ఏర్పాట్లు కట్టేవాడే చేసుకోవాలని ఇంగ్లండ్ 2018లో ప్లానింగ్ విధానంలోనే రాసుకుంది. మన దగ్గర తూర్పు ముఖం, వాస్తు అంటూ బెడ్‌రూములన్నీ తెచ్చి షెడ్డుకి ఎదురుగా పెట్టి, ఆదివారం చూపించి అమ్మేశాడు. డబుల్ గ్లాసు కిటికీల ఖర్చు ఎగ్గొట్టి వాడు పోతే, మీరూ మగ్గాలవాళ్లూ కొట్టుకుంటున్నారు.

మూడో అంతస్తు:
సెక్రటరీ గారిని అడిగాను: మూయించమని కాకుండా, రాత్రి పది తర్వాత ఆపమని రాద్దామా అని. "షెడ్డు పోతేనే కదమ్మా మన ఫ్లాట్ల రేటు పెరిగేది" అన్నారు. పాప నిద్ర గురించి అడిగితే రేటు గురించి చెబుతున్నారు. ఆ కాగితం మీద పెట్టట్లేదు. కానీ చప్పుడు మాత్రం తగ్గాలి, అది వదలను.

పడుగుపేక:
వదలొద్దు. పది గంటల గురించి విడిగా ఒక కాగితం రాయండక్కా, షెడ్డువాళ్లతో నేను మాట్లాడి ఒప్పిస్తాను. బిల్డర్‌ని మాత్రం మీరే పట్టుకోవాలి. మా ఫోన్ ఎత్తడు.