రిజల్ట్స్ టైమ్‌లో సైట్ డౌన్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్) కూడా పడట్లేదు, సీపీయూ మాత్రం 25 శాతమే. ఏం చూడాలి?

బెజవాడ_బ్యాకెండ్:
నమస్తే అందరికీ. విజయవాడలో ఒక చిన్న ఎడ్యుకేషన్ సైట్‌లో పనిచేస్తున్నాను. కోడూ నేనే, సర్వరూ నేనే. ఇంటర్ ఫలితాల రోజు మా పేజీలో హాల్‌టికెట్ నంబర్ కొడితే మార్కులు చూపిస్తాం. మొన్న ఫలితాలు వదిలిన కాసేపటికే సైట్ తెరుచుకోవడం ఆగిపోయింది. చూస్తే సర్వర్ మీద లోడే లేదు! 8 కోర్లు, 16 జీబీ ర్యామ్. సీపీయూ 25 శాతం దాటలేదు, ర్యామ్ సగం ఖాళీగానే ఉంది. ఉబుంటు లినక్స్ మీద ఎన్‌జిన్ఎక్స్ (రిక్వెస్ట్ అందుకుని యాప్‌కి పంపే వెబ్ సర్వర్), దాని వెనక డాకర్‌లో (యాప్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్) నోడ్ యాప్.

కొత్తగా ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే టైమౌట్. పొద్దున్నే తెరిచిపెట్టుకున్న టెర్మినల్ మాత్రం చక్కగా పనిచేస్తోంది. అందులోంచి బయటికి పింగ్ కొడితే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటోంది, రూట్ యూజర్‌గా ఉన్నా సరే. ఫైర్‌వాల్ మేమేం పెట్టలేదు. రద్దీ తగ్గాక ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే మామూలైపోయింది. హోస్టింగ్ వాళ్లు "బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ బాగానే ఉంది, పెద్ద ప్లాన్ తీసుకోండి" అన్నారు. మా సార్ 32 జీబీ సర్వర్‌కి డబ్బు కట్టేస్తానంటున్నారు. సప్లిమెంటరీ ఫలితాల లోపు తేలాలి. టెన్షన్‌గా ఉంది.

కొత్త_కెర్నెల్:
బ్రో, లిజన్ క్యూ (కొత్త కనెక్షన్లు వేచి ఉండే లైన్) నిండిపోయి ఉంటుంది. సోమాక్స్‌కాన్ (ఆ లైన్ పరిమితి) పెంచు. అలాగే టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ (మూసిన కనెక్షన్లను త్వరగా వదిలించే సెట్టింగ్) ఆన్ చెయ్. చాలా బ్లాగుల్లో ఇదే రాస్తారు.

రాత్రిపాళీ:
@కొత్త_కెర్నెల్ తమ్ముడూ, ఆ రీసైకిల్ సెట్టింగ్‌ని 2017లోనే, లినక్స్ 4.12లో, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) నుంచి తీసేశారు. ఉన్నరోజుల్లోనూ అది ప్రమాదమే. ఒకే ఐపీ వెనక ఉన్న చాలామందిని ఒకే మనిషి అనుకుని, టైమ్‌స్టాంపులు పొసగడం లేదని కొందరి కనెక్షన్లను నిశ్శబ్దంగా పారేసేది. మొబైల్ డేటా మీద, చాలామంది ఒకే ఐపీతో వచ్చే విద్యార్థులకు అంతకంటే అన్యాయం లేదు. ఆ బ్లాగులు ఇంకా బతికుండటమే నా బాధ.

లిజన్ క్యూ కూడా కాదు. వెబ్ పోర్ట్ క్యూ నిండితే వెబ్ ఆగుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి దాని క్యూ దానికుంది, పింగ్‌కి అసలు క్యూనే లేదు. మూడూ ఒకేసారి పోయాయి, పాత కనెక్షన్ మాత్రం బతికే ఉంది. ఈ జంట లక్షణం కనిపిస్తే నేను ముందు చూసేది కాన్‌ట్రాక్ టేబుల్. కెర్నెల్ ప్రతి కనెక్షన్‌నీ ఒక రిజిస్టర్‌లో రాసుకుంటుంది. అది నిండితే ఉన్నవాళ్లు సాగుతారు, కొత్తవాళ్ల ప్యాకెట్ పడిపోతుంది. బయటికి పోయే పింగ్‌కీ అందులో ఎంట్రీ కావాలి, అందుకే ఆ 'నాట్ పర్మిటెడ్'.

ఫైర్‌వాల్ పెట్టలేదన్నారు. డాకర్ పెట్టింది కదా! పోర్టులు మళ్లించడానికి అది ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్‌లో) నాట్ (NAT, ప్యాకెట్ల చిరునామా మార్చే) రూల్స్ రాస్తుంది, దాంతో ట్రాకింగ్ మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 4 జీబీ దాటిన యంత్రాల్లో టేబుల్ డిఫాల్ట్ పరిమితి 2,62,144. మూసేసిన కనెక్షన్ కూడా టైమ్‌వెయిట్ (మూశాక కాసేపు ఆగే దశ) కింద 120 సెకన్లు అందులో కూర్చుంటుంది. అంటే సెకనుకు సుమారు 2,184 కొత్త కనెక్షన్లు నిలకడగా వస్తే రెండు నిమిషాల్లో నిండిపోతుంది. మీ దగ్గర ఒక్కో రిక్వెస్ట్‌కి కనీసం రెండు ఎంట్రీలు: విద్యార్థి నుంచి ఎన్‌జిన్ఎక్స్‌కి ఒకటి, అక్కణ్నుంచి కంటైనర్‌కి ఇంకొకటి. కాబట్టి సగం రద్దీ చాలు. మీ సార్‌కి ఈ ఒక్క ముక్క చెప్పండి: 32 జీబీ కొన్నా ఆ 2,62,144 మారదు.

కెర్నెల్ లాగ్‌లో ఆ రోజు, ఆ టైమ్‌కి 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్' అని ఉందేమో వెతికి చెప్పండి.

బెజవాడ_బ్యాకెండ్:
అన్నా, ఉంది! పేజీలకి పేజీలు అదే లైన్. మాక్స్ కూడా మీరు చెప్పిన సంఖ్యే. ఎంతకి పెంచమంటారు? ట్రాకింగ్ పూర్తిగా తీసేస్తే పోతుందా? ఇంకొకటి, సిస్‌సీటీఎల్ (కెర్నెల్ సెట్టింగుల) ఫైల్‌లో పెంచి రాసి రీబూట్ చేసి చూశా, మళ్లీ పాత సంఖ్యే వచ్చింది.

రాత్రిపాళీ:
పూర్తిగా తీయకండి, డాకర్ నాట్ దాని మీదే నడుస్తోంది. పది లక్షలకి పెంచండి. ఒక్కో ఎంట్రీకి సుమారు 300 బైట్లు, అంటే నిండినా 300 ఎంబీ చుట్టూ. మీ 16 జీబీలో అదో లెక్క కాదు. టైమ్‌వెయిట్‌ని 120 నుంచి 30కి దించండి.

రీబూట్ సంగతి: బూట్‌లో సిస్‌సీటీఎల్ చదివే వేళకి కాన్‌ట్రాక్ మాడ్యూల్ (కెర్నెల్‌కి విడిగా తగిలే ముక్క) ఇంకా లోడ్ అయి ఉండదు, డాకర్ లేచాకే వస్తుంది. లేని సెట్టింగ్‌కి విలువ ఎలా పెడుతుంది? మాడ్యూల్ పేరు మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్‌లో రాసి, మొదట్లోనే లోడ్ అయ్యేలా చేయండి.

అసలు మందు మాత్రం ఎన్‌జిన్ఎక్స్‌లో ఉంది. చాలా వెర్షన్లలో అది వెనకున్న యాప్‌తో హెచ్‌టీటీపీ 1.0 మాట్లాడుతూ, ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరిచి మూస్తుంది. అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో (వెనక యాప్ చిరునామా రాసే చోట) కీప్‌అలైవ్ (కనెక్షన్ మూయకుండా ఉంచడం) పెట్టండి, వెర్షన్ 1.1 చేయండి, కనెక్షన్ హెడర్ ఖాళీగా పంపండి. కొన్ని పదుల కనెక్షన్లే తిరిగి తిరిగి వాడుకుంటుంది. మీ ఎంట్రీల్లో ఆ రెండో సగం దాదాపు మాయం.

కాకినాడ_క్యాష్:
ఇవన్నీ సరే గానీ, ఒకసారి వచ్చిన మార్కులు ఆ రోజు మారవు కదండీ. ప్రతి క్లిక్‌కీ డేటాబేస్ దాకా ఎందుకు వెళ్లాలి? మేం హాల్‌టికెట్ నంబర్ల వారీగా చిన్న చిన్న జేసన్ (డేటా) ఫైళ్లు ముందే తయారుచేసి సీడీఎన్‌లో (ఫైళ్ల కాపీలు చాలాచోట్ల సర్వర్లలో పెట్టి అందించే సేవ) పెడతాం. సర్వర్ దాకా వచ్చేవాళ్లు చాలా తక్కువ. పేజీలో పుట్టిన తేదీ కూడా అడిగేటట్లయితే ఇది కుదరదు, ఫైల్ పేరు ఊహించి ఎవరైనా లాగేసుకోవచ్చు.

బెజవాడ_బ్యాకెండ్:
మేం తేదీ అడుగుతాం అండీ, కాబట్టి లోగో, జావాస్క్రిప్ట్ లాంటివి మాత్రమే సీడీఎన్‌కి తోసేస్తాను. రాత్రిపాళీ అన్నా, కీప్‌అలైవ్ పెట్టేశా. నా ల్యాప్‌టాప్ నుంచి లోడ్ టెస్ట్ చేస్తే సరిపోతుందా?

రాత్రిపాళీ:
సరిపోదు. ఒక లినక్స్ యంత్రం నుంచి ఒకే ఐపీ, ఒకే పోర్ట్‌కి డిఫాల్ట్‌గా దొరికేవి 28,232 పోర్టులే, 32768 నుంచి 60999 వరకు. కనెక్షన్ మూసేది టెస్ట్ యంత్రమే అయితే ఒక్కోటి 60 సెకన్లు ఇరుక్కుంటుంది. సెకనుకు 470 దగ్గర మీ ల్యాప్‌టాపే చేతులెత్తేస్తుంది, మీరేమో సర్వర్ పడిపోయిందనుకుంటారు. పైగా ఇంటి రౌటర్‌కీ ఒక చిన్న కాన్‌ట్రాక్ టేబుల్ ఉంటుంది. గంటల లెక్కన దొరికే క్లౌడ్ యంత్రాలు నాలుగైదు తీసుకుని వాటి నుంచి కొట్టండి. కొడుతున్నంతసేపూ సర్వర్‌లో కాన్‌ట్రాక్ కౌంట్ చూస్తూ ఉండండి, 80 శాతం దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టండి. హోస్టింగ్ వాళ్లకి ముందే ఒక మెయిల్ పడేయండి, దాడి అనుకుని మీ ఐపీ ఆపేయగలరు.