పాస్టరల్ కౌన్సిల్ మాటకు విచారణ గురువు కట్టుబడాలా?

విచారణ సభ్యుడు:
మా విచారణలో (పారిష్‌లో) కొత్త పాస్టరల్ కౌన్సిల్, అంటే గురువుకు సలహా ఇచ్చే మండలి, వేస్తున్నారు. 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టంలో 536వ నిబంధన చూస్తే కౌన్సిల్‌ది సలహా వరకే, నిర్ణయం గురువుది. మరి మేము కూర్చుని మాట్లాడి ఏం లాభం? మెజారిటీ ఓటు వస్తే ఫాదర్ గారు పాటించి తీరాలి.

సబ్‌స్టేషన్ (విచారణ కింద ఉండే పల్లె గుడి) విశ్వాసి:
నేను ఒప్పుకోను. ఓటుకు అధికారం ఇస్తే ఊరి ఎన్నికల గొడవలన్నీ గుడిలోకి వస్తాయి. పెద్ద ఊరి సభ్యులు పదిమంది, మా పల్లె నుంచి ఒక్కరు. మేము ఎప్పుడు గెలుస్తాం? మా గోడు వినే గురువే మాకు దిక్కు.

ఉపదేశి కొడుకు:
సోదరా, వినే గురువు బదిలీ అయితే? కొన్నేళ్లకు ఎవరైనా వెళ్లాల్సిందే. ఒకరు మొదలుపెట్టిన హాలు ఎందుకు ఆగిందో తర్వాత వచ్చినవారికి తెలియదు. తెలిసేది కౌన్సిల్‌కే, అదీ మినిట్స్ పుస్తకం సరిగా రాస్తేనే.

నిజానికి అన్నీ గురువు ఇష్టమే అనడం కూడా తప్పు. 537వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలో ఫైనాన్స్ కౌన్సిల్ ఉండి తీరాలి. పాస్టరల్ కౌన్సిల్‌ను మాత్రం పీఠాధిపతి (బిషప్) నిర్ణయానికి వదిలారు. 2024 అక్టోబరులో రోమ్‌లో ముగిసిన సినడ్ (బిషప్పుల మహాసభ) తుది పత్రం ఇలాంటి మండళ్లను తప్పనిసరి చేయాలని గట్టిగా కోరింది. చట్టంలోని ‘సలహా మాత్రమే’ అనే మాటను మళ్లీ పరిశీలించాలని కూడా చెప్పింది. పోప్ ఫ్రాన్సిస్ ఆ పత్రాన్ని ఆమోదించారు.

ఓటు కన్నా నాకు ముఖ్యమైనవి రెండు. సలహా పాటించకపోతే, ఎందుకు పాటించలేదో గురువు వచ్చే మీటింగ్‌లో చెప్పాలి, అది మినిట్స్‌లో రాయాలి. సబ్‌స్టేషన్ ప్రతినిధిని ఆ పల్లెవాళ్లే ఎన్నుకోవాలి. గుడి శుభ్రం చేసేది, జపమాల నడిపేది ఆడవాళ్లు. కౌన్సిల్ కుర్చీల్లో మాత్రం వాళ్లు కనపడరు. ఇది నాకు చాలా బాధ.

విచారణ సభ్యుడు:
కారణం చెప్పనంటే ఏం చేస్తాం అన్నా?

ఉపదేశి కొడుకు:
పీఠాధిపతికి రాయండి. కాపరులకు మన అభిప్రాయం తెలిపే హక్కు 212వ నిబంధనలోనే ఉంది. ముందు మీ మేత్రాసనంలో (బిషప్ కింద ఉండే ప్రాంతంలో) కౌన్సిళ్లకు పెట్టిన నియమాల కాపీ అడిగి తీసుకోండి, కొత్త పేర్లు ప్రకటించకముందే.