శెనక్కాయ పొట్టు, వేప చెక్క వేసినా కంపోస్టు కుదరడం లేదు

నమస్కారమండీ. మాది అనంతపురం. పాత పెయింటు బకెట్‌కు చుట్టూ రంధ్రాలు పెట్టి, మిద్దె మీద రెండు నెలలుగా వంటింటి చెత్త వేస్తున్నాను. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, పూజ పూలు, అంతే. నైట్రోజన్ ఒక పాలుంటే కార్బన్ 25-30 పాళ్లు ఉండాలంటారు కదా, ఆ కార్బన్ ఇచ్చే ఎండు సరుకుకు మా ఊళ్లో ఏం కరువు! కాయలు ఒలిచే మిషన్ దగ్గర ఒక సంచి శెనక్కాయ పొట్టు తెచ్చుకున్నా.

నిన్న తవ్వి చూస్తే పైన జానెడు మేర పొడిపొడిగా ఉంది. అడుగున మాత్రం నల్లటి జిగురు, కుళ్లిన గుడ్డు వాసన. పొట్టు వేసింది వేసినట్టే ఉంది, గిల్లితే పటుక్కున విరుగుతోంది. పోయిన వారం తెల్ల పురుగులు పడ్డాయని రెండు గుప్పిళ్ల వేప చెక్క (వేప గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) పొడి కలిపాను. పురుగులు తగ్గాయి గానీ, అంతకుముందు చెయ్యి పెడితే తగిలే గోరువెచ్చదనం కూడా పోయింది. మా అత్తమ్మేమో "పేడనీళ్లు చల్లితే పోయేదానికి ఇంత చదువెందుకమ్మా" అంటోంది. టౌన్‌లో రోజూ పేడ ఎక్కడ తెచ్చేది?

పొట్టు దంచి వేస్తే త్వరగా చివుకుతుందా? వేప చెక్క ఎక్కువైపోయిందా? పుల్ల మజ్జిగలో బెల్లం కలిపి పోస్తే మళ్లీ వేడెక్కుతుందా, లేక అడుగు ఇంకా తడిసిపోతుందా? వీధి చివర కానుగ చెట్టు ఉంది, రాలిన ఆకు వాడొచ్చా? తర్వాత వానపాములు వదలాలని ఉంది, ఈ వేప ఘాటుకు బతుకుతాయో లేదో. చేసి చూసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి, కింద ఇంటివాళ్లు ఇప్పటికే రెండుసార్లు వాసనేంటని అడిగారు.