పేషెంటు దగ్గర చెయ్యి ఆడుతుంది, పేపర్ మీద ఆగిపోతుంది. ఎందుకు?

'రాత్రి డ్యూటీ' అనే కలం పేరుతో ఒక నర్సు అడుగుతున్నారు, జవాబులూ కలం పేర్లతోనే:

నాకు 41 ఏళ్లు. 18 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఈ ఏడాది పై చదువులో చేరాను. మిగతా పేపర్లన్నీ బాగానే నడుస్తున్నాయి, స్టాటిస్టిక్స్ దగ్గర మాత్రం ఆగిపోయాను. స్టాండర్డ్ డీవియేషన్ ఫార్ములా చూడగానే గుండె దడదడలాడుతుంది. కళ్లు పేజీ మీదే ఉంటాయి, ఒక్క ముక్క బుర్రకెక్కదు. పది నిమిషాల్లో పుస్తకం మూసేస్తాను. మూయగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఏడో తరగతిలో టీచర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి భిన్నాల లెక్క ఇచ్చారు. రాలేదు. క్లాసంతా చూస్తుండగా "నీ బుర్రకి లెక్కలు ఎక్కవు, వెళ్లి కూర్చో" అన్నారు. ఆ ఏడాది ఎంత చదివినా మార్కులు అంతే. ఇంట్లో కూడా "మన వంశంలో ఎవరికీ లెక్కలు రావులే" అని ఓదార్చారు. పదో తరగతి అవగానే లెక్కలు లేని దారి వెతుక్కున్నాను.

మొన్న మొదటి టెస్టులో ఒక తేలిక ప్రశ్న ఉందని బయటికొచ్చాక తెలిసింది. నేను దాన్ని చదవను కూడా లేదు. "నీ మీద నీకు నమ్మకం ఉండాలి" అని అందరూ అంటున్నారు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. ఈ వయసులో ఇది మారుతుందా? నిజంగానే కొందరికి లెక్కలు రావా?

చాక్‌పీస్:

జవాబు చెప్పే ముందు ఒక్కటి అడుగుతాను. 5 మి.లీ.లో 250 మి.గ్రా. మందు ఉన్న సిరప్. పేషెంటుకి 400 మి.గ్రా. ఇవ్వాలి. ఎంత పోస్తారు?

రాత్రి డ్యూటీ:

8 మి.లీ. కానీ ఇది లెక్క కాదండీ, డ్యూటీ. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్టు మి.లీ.కి 20 చుక్కలది అంటే, నిమిషానికి 42 చుక్కలని తెల్లవారుజామున నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

చాక్‌పీస్:

"ఇది లెక్క కాదు, డ్యూటీ" అన్నారే, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీరు చేసింది నిష్పత్తి, భిన్నాలు. ఏడో తరగతిలో బోర్డు మీద మిమ్మల్ని ఆపిన పాఠమే అది. మీకు వచ్చిన ప్రతి లెక్కకీ "డ్యూటీ" అని పేరు పెట్టి పక్కన పెడుతున్నారు, రానిదాన్నే లెక్క అంటున్నారు. అలా అయితే "నాకు లెక్కలు రావు" అన్నది తప్పని తేలే రోజు ఎప్పటికీ రాదు కదా.

నేను 26 ఏళ్లు లెక్కలు చెప్పాను, అందులో చివరి 11 ఏళ్లు పెద్దవాళ్లకే. మీలాగా పుస్తకం మూసేసే చేతుల్ని చాలా చూశాను. వాళ్లలో బద్ధకస్తులు దాదాపు ఎవరూ లేరు. మరి ఎందుకు మూసేస్తారో అర్థం కావాలంటే ఒక పాత ప్రయోగం చెప్పాలి.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. చదివితే మనసు కలుక్కుమంటుంది. కొన్ని కుక్కలకి కరెంటు షాకు తగిలినప్పుడు తలతో ఒక పలకని నొక్కితే అది ఆగేది. ఇంకొన్నిటికీ అంతే షాకు, కానీ అవి ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత వాటిని మధ్యలో పొట్టి గోడ ఉన్న పెట్టెలో పెట్టారు. గోడ దూకితే చాలు, షాకు ఉండదు. ఏం చేసినా లాభం లేదని అంతకుముందు చూసిన 8 కుక్కల్లో 6 దూకలేకపోయాయి, అక్కడే ఉండి భరించాయి. పలక నొక్కిన కుక్కలు మాత్రం దూకడం నేర్చుకున్నాయి. రెండు గుంపులు పడ్డ బాధ ఒక్కటే. తేడా అల్లా, తాము చేసినదానికి ఫలితం ఉందా లేదా అన్నదే. దీనికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. 1975లో హిరోటో, సెలిగ్మన్ కాలేజీ విద్యార్థులకి అసలు జవాబే లేని చిక్కుముళ్లు ఇచ్చి చూశారు. ఆ తర్వాత, అక్షరాలు సరిచేసి పదం కనిపెట్టే మామూలు పనిలో కూడా వాళ్లు వెనకబడ్డారు.

అదే మేయర్, సెలిగ్మన్ 2016లో తమ పాత మాటని తామే సరిదిద్దారు. దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు కదలకుండా ఉండిపోవడం నేర్చుకున్నది కాదట, మెదడు సహజంగా చేసేదే అదట. "నేను చేస్తే మారుతుంది" అన్నదాన్నే మెదడు నేర్చుకోవాలట. ఇది చదివిన రోజు నా పాఠం చెప్పే పద్ధతి మారిపోయింది. అప్పటిదాకా విద్యార్థుల్లోంచి భయాన్ని తీసేయాలని చూసేవాణ్ణి. అప్పటినుంచి, వాళ్లు చేసినందువల్ల మారిన ఫలితాన్ని వాళ్ల కళ్లకి చూపించడమే నా పని అనుకున్నాను.

మీకు చూపిస్తాను. ఇద్దరు పేషెంట్లు, ఒక్కొక్కరికి ఐదుసార్లు పల్స్ చూశారు. మొదటాయనకి 72, 76, 80, 84, 88. రెండో ఆయనకి 60, 70, 80, 90, 100. ఇద్దరికీ సగటు 80. మీ కళ్లు ఎవరి మీద ఉంటాయి? రెండో ఆయన మీదే. సగటు ఒకటే అయినా మీరు ఎందుకు కంగారుపడ్డారో దాన్ని అంకెల్లో చెప్పడమే స్టాండర్డ్ డీవియేషన్. ఫార్ములా వైపు చూడకండి. ఒక్కో పల్స్ 80కి ఎంత దూరంలో ఉందో రాయండి, అంతే. ఈరోజుకి అక్కడే ఆపండి.

ఇంకొకటి. తేలిక లెక్కలే చేసుకుంటూ ధైర్యం తెచ్చుకుందామని అనుకోకండి. 1975లో కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, ఓటమి ఎదురైతే చేతులెత్తేసే 12 మంది పిల్లలని తీసుకుని, సగం మందికి గెలిచే లెక్కలే ఇచ్చారు. మిగతావాళ్లకి మధ్యమధ్యలో తప్పేవి కూడా ఇచ్చి, తప్పినప్పుడల్లా అది తెలివి తక్కువై కాదు, ప్రయత్నం చాలక అని చెప్పారు. తర్వాత కష్టమైన లెక్క వచ్చినప్పుడు మొదటి గుంపు మునుపటిలాగే కుదేలైంది, రెండోది నిలబడింది. కాబట్టి మీరు తప్పు చేసిన లెక్కే నాకు పంపండి.

మళ్లీ మొదటి నుంచి:

మాస్టారు చెప్పినదానికి నేను కొంత అడ్డు చెప్తాను. "ప్రయత్నం చాలలేదు" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటుంది. నేను రోజుకి నాలుగు గంటలు కూర్చుని కూడా ఫెయిలయ్యాను. 34వ ఏట ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే బయటపడింది, నాకు మైనస్ గుర్తులే సరిగా రావని. ఆరో తరగతిలో నెలరోజులు జబ్బుపడ్డాను, ఆ పాఠం అప్పుడే పోయింది. నమ్మకం లోపించిన మాట నిజమే, కానీ దాని కింద నిజమైన గొయ్యి ఉంది. గొయ్యి పూడ్చకుండా నమ్మకం ఒక్కటే ఇస్తే మనిషి మళ్లీ అందులోనే పడతాడు. కొందరికి డిస్కాల్క్యులియా అని అంకెలకి సంబంధించిన ఇబ్బంది కూడా నిజంగా ఉంటుంది. వాళ్లని ప్రయత్నించు, ప్రయత్నించు అని తరమడం అన్యాయం.

'మైండ్‌సెట్ మార్చుకో, అన్నీ మారిపోతాయి' అనేవాళ్లని నమ్మకండి. అమెరికాలో 12,000 మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది. తెలివి ప్రయత్నంతో పెరుగుతుందని చెప్పే, గంటలోపు ఆన్‌లైన్ పాఠమే. వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటు 4.3 పాయింట్ల స్కేలు మీద 0.1 మేర పెరిగింది. అంత చిన్న పాఠానికి అది మంచి ఫలితమే, నేను కాదనను. అయితే అదే సరిపోదు.

పుస్తకం మూయగానే వచ్చే హాయి గురించి మీరు భయపడటం సరైనదే. ఆ హాయి మూసినందుకు దొరికే బహుమతి. మెదడు రేపు కూడా అదే అడుగుతుంది. నేను చేసిన పని ఒక్కటే: దడ మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఉండి, ఒక్క గీత గీశాకే మూసేవాణ్ణి.

ఇద్దరు పిల్లల తల్లి:

"మన వంశంలో ఎవరికీ రావు" అన్నది చదివి కూర్చుండిపోయాను. నిన్న సాయంత్రమే మా అమ్మాయికి, ఏడుస్తోందని జాలిపడి, అచ్చంగా ఆ మాటే చెప్పాను. ఓదారుస్తున్నానని అనుకున్నాను. ఇప్పుడే వెళ్లి, ఆ లెక్కలో ఎంతవరకు వచ్చిందో చూపించమని అడుగుతాను.

రాత్రి డ్యూటీ, మూడు వారాల తర్వాత:

అందరికీ నమస్కారం. ఆలస్యమైంది, వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి.

మొదటి రోజు దూరాలు మాత్రమే రాశాను: -8, -4, 0, 4, 8. అన్నీ కూడితే సున్నా వచ్చింది. "చూశావా, తప్పు చేశావు" అని లోపల ఏడో తరగతి గొంతే వినిపించింది. దడ మొదలైంది. రెండు నిమిషాలు ఉన్నాను. మళ్లీ కూడి చూశాను. సున్నానే. అప్పుడు అనిపించింది, పైకెళ్లినవి, కిందికెళ్లినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి కాబట్టి సున్నా రావాల్సిందే అని. అందుకేనన్నమాట ఫార్ములాలో వర్గాలు చేసేది, మైనస్‌లు పోవడానికి! ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు, నాకే తట్టింది. వార్డులో ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

గొయ్యి మాట కూడా నిజమే. నాకు వర్గమూలాలు ఎప్పుడూ సరిగా రాలేదు. వాటికి నాలుగు రోజులు పట్టింది. మైనస్‌ని మైనస్‌తో గుణించినప్పుడు ఇంకా తడబడుతున్నాను. రెండో టెస్టులో 20కి 9 వచ్చాయి. పాసవలేదు. కానీ ఈసారి ఏ ప్రశ్ననీ చదవకుండా వదల్లేదు, పోయిన 11 మార్కులూ ఎక్కడెక్కడ పోయాయో చెప్పగలను.

మాస్టారూ, మీరు అడిగినట్టే తప్పు చేసిన లెక్క పంపుతున్నాను. వర్గాల మొత్తం 160 వచ్చింది. 5తో భాగించి, వర్గమూలం తీస్తే 5.66. పుస్తకంలో 4తో భాగించి 6.32 అని వేశారు. పల్స్ చూసింది ఐదుసార్లు కదా, 4 ఎక్కడిది?

చాక్‌పీస్:

మీ లెక్క తప్పు కాదు. ఆ ఐదు రీడింగులే మీకు అన్నీ అయితే 5తోనే భాగించాలి. ఆయన పల్స్ మామూలుగా ఎంత మారుతుంటుందో ఆ ఐదింటిని బట్టి అంచనా వేస్తున్నప్పుడు 4 వస్తుంది. కారణం మీరు మొదటి రోజే కనిపెట్టిన ఆ సున్నాలోనే ఉంది. మీరు రాసిన ఐదు దూరాల్లో చివరిదాన్ని చేత్తో మూసేయండి. మిగతా నాలుగూ చూసి, మూసింది ఎంతో చెప్పగలరేమో ప్రయత్నించండి. చెప్పగలిగితే, ఆ ఐదింట్లో నిజంగా స్వేచ్ఛగా మారగలిగినవి ఎన్నో నాకు రాయండి.